కదిలిందా, అక్కా?

గైడు జీపు కోసం వెళ్ళి పన్నెండు నిమిషాలయింది. గంట పడుతుందన్నాడు, అంటే ఇంకా నలభై ఎనిమిది నిమిషాలు. పెద్దకోడలు చేతి గడియారం చూసి లెక్క వేసుకుంది, వేసుకున్నాక తనకే వింతగా తోచింది, ఎందుకంటే అది త్వరగా గడిచిపోతే బాగుండునని వేసిన లెక్క కాదు, చేతిలో ఇంకా ఎంత మిగిలిందో చూసుకున్న లెక్క. చిన్నకోడలు ఆమె మోకాళ్ళ పక్కనే, కాలిబాటకి అడ్డంగా, ఎండుటాకుల మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఎర్ర హెల్మెట్ ఇంకా తలకే ఉంది, గడ్డం కింద పట్టీ బిగుసుకుని చర్మం మీద గీత పడుతోంది, ఆ పట్టీ కాస్త వదులు చెయ్యొచ్చు, చెయ్యలేదు. అద్దెకు తీసుకున్న సైకిలు అవతల పొదలో తల దూర్చి పడి ఉంది, గాల్లోకి లేచిన వెనకచక్రం తిరిగి తిరిగి ఎప్పుడో ఆగిపోయింది. చెట్లు నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి, క్యూలో నిలబడ్డ మనుషుల్లా ఓపిగ్గా ఉన్నాయి. పైన ఎక్కడో గాలి వీస్తోంది గాని కింద ఆకు కదలడం లేదు. మిగతావాళ్ళని గైడు భార్య వెనక్కి తీసుకుపోయింది, వాళ్ళ మాటలు కాసేపు చెట్ల మధ్యనుంచి వినిపించాయి, ఎవరో నవ్వారు కూడా, మనుషులు ఎంతసేపని బాధపడతారు, తర్వాత అదీ లేదు. ఫోనుకి సిగ్నలు లేదు. "మీరు హాస్పిటల్లో పనిచేస్తారు కదా మేడం, మీరుండబట్టి నాకు ధైర్యం," అన్నాడు గైడు వెళ్తూ వెళ్తూ, "ఆవిణ్ణి కదలనివ్వకండి, మాట్లాడిస్తూ ఉండండి." కదలనివ్వడం లేదు. మాట్లాడిస్తూనే ఉంది.

మొదటి ఐదు నిమిషాలూ ఆమె అంతా సవ్యంగానే చేసింది, ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలదు. పడ్డ మనిషి తుళ్ళిపడి లేవబోతుంటే నుదుటి మీద చెయ్యి పెట్టి ఆపి, "లేవకు, వెన్ను చూడాలి," అంది, ఆ గొంతుకి గైడుతో సహా అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఇరవై రెండేళ్ళుగా ఎక్స్‌రే గదిలో వాడుతున్న గొంతు అది. నడుం కిందకి చెయ్యి జొనిపి ఒక్కొక్క పూసా వేలితో నొక్కి చూసింది, ఎక్కడా నొప్పి లేదంది చిన్నకోడలు. మెడ బాగానే ఉంది. కుడి భుజం దగ్గర మాత్రం చర్మం చిన్న గుడారంలా పైకి లేచి ఉంది, దానికి ఫోటో కూడా అక్కర్లేదు, కాలర్ బోన్ విరిగింది, చేతికి ఒక జోలె, ఆరు వారాలు, అంతే, ఇలాంటివి తను రోజుకి రెండు చూస్తుంది. అందరూ వెళ్ళిపోయాక, చివరి పరీక్షగా, బూట్లలో పాదాలు కదపమంది. రెండు పాదాలూ చక్కగా, పడవ తెడ్లలా, ముందుకీ వెనక్కీ ఊగాయి.

"కదిలిందా, అక్కా?"

తల ఎత్తి చూసుకోవద్దని తనే చెప్పి ఉంది కాబట్టి చిన్నకోడలు ఆకాశంకేసి చూస్తూనే అడిగింది. పెద్దకోడలు నోరు తెరిచింది. ఏమనాలో నోటికి తెలుసు, కదిలాయే, రెండూ కదిలాయి, ఇంక లేచి కూర్చో అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఒక్క క్షణం అక్కడ కూర్చుంది, కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

"ఇంకోసారి ప్రయత్నించు," అంది.

చిన్నకోడలి ముఖంలో రంగు పోవడం ఆమె దగ్గర్నుంచి చూసింది, పెదాల నుంచి మొదలై చెవులదాకా, గోడ మీద తడి ఆరిపోతున్నట్టు. పాదాలు మళ్ళీ ఊగాయి, ఈసారి మరీ గట్టిగా, మడమలు నేలకేసి కొట్టుకునేంతగా. "నాకు కదిలినట్టే ఉంది కదక్కా," అంది చిన్నకోడలు, గొంతులో ఏడుపు అప్పుడే తొంగిచూస్తోంది. "నీకు అలాగే అనిపిస్తుంది," అంది పెద్దకోడలు నెమ్మదిగా, జాలిగా కూడా, ఆ జాలి ఎక్కణ్ణుంచి వచ్చిందో, అచ్చం నిజమైన జాలిలాగే ఉంది.

ఎక్స్‌రే గదిలో నేర్చుకునే మొదటి పాఠం, చూసింది చెప్పకూడదని. మనిషి లోపలిదంతా తెర మీద ముందు కనిపించేది తనకే, డాక్టరుకన్నా ముందు, ఆ మనిషి పెళ్ళాం పిల్లలకన్నా ముందు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వాళ్ళు అడుగుతారు, ఏముందమ్మా, భయం లేదు కదా. డాక్టరుగారు చెబుతారు అనాలి, అనేటప్పుడు ముఖంలో చెడే కాదు మంచి కూడా ఉండకూడదు, ఎందుకంటే మంచి ఉన్న రోజున నవ్వితే, నవ్వని రోజున ఏముందో వాళ్ళకి తెలిసిపోతుంది. ఒకాయన ఊపిరితిత్తిలో కోడిగుడ్డంత మచ్చ పెట్టుకుని, చక్కగా దువ్వుకున్న తలతో, స్టేషనుకి ఏ బస్సు ఎక్కాలమ్మా అని అడిగాడు. నంబరు చెప్పింది, రోడ్డు దాటి ఎక్కమని కూడా చెప్పింది. ఆ రాత్రి అన్నం తినలేకపోయింది. అది ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి. తర్వాత అలవాటైపోయింది. ఆ తర్వాత ఇంకొకటి జరిగింది, అది ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేది కూడా కాదు, ఆ రెండు నిమిషాలూ ఆమెకి ఇష్టమయ్యాయి. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి తన ముఖంలోకే చూస్తూ ఉంటాడు, పెద్ద ఆఫీసరైనా సరే, ఆ ముఖంలోంచి ఒక్క చుక్క రాలుతుందేమోనని దోసిలి పట్టినట్టు చూస్తాడు, అంతగా ఆమె ముఖంకేసి ఎవరు చూశారు గనక. కట్టుకున్నవాడు చూడలేదు. ఆయన సర్వే ఆఫీసులో ప్లాన్లు గీసేవాడు, ఆయన కళ్ళకి గీతలూ కొలతలూ తప్ప ముఖాలు ఆనేవి కావు, అని ఆమె అనుకునేది, చాలా ఏళ్ళు అలాగే అనుకుని సర్దుకుంది. ఆనుతాయని తర్వాత తెలిసింది. వేరేవాళ్ళ ముఖాలు.

"అక్కా, ఇలా అవుతుందా, సైకిలు మీంచి పడితేనే? గంటకి పది మైళ్ళు కూడా పోవడం లేదు కదా మనం."

"మెట్టు తడబడి పడ్డవాళ్ళని కూడా చూశాను," అంది, అది అబద్ధం కాదు. ఆమె ఇవాళ చెప్తున్నవాటిలో చాలా మటుకు అబద్ధాలు కావు, అదే అందులో గొప్ప.

పొద్దున ఎంత బాగుంది. అదే విడ్డూరం, ఎంతో బాగుంది. అడవి మొదట్లో కంకర పరిచిన స్థలంలో కార్లు ఆపుకుని, ఎనిమిది మంది కొత్తవాళ్ళు వలయంగా నిలబడితే, గైడు ఒక్కొక్కరి సీటు ఎత్తు సరిచేస్తూ పాఠం చెప్పాడు. నిన్న తొక్కడం నేర్చుకున్నవాళ్ళు కూడా ఇవాళ ఈ దారిలో పోవచ్చు, పోటీ లేదు, ఎవరూ ఎవరినీ వదిలేసి వెళ్ళరు. బ్రేకు మీద రెండు వేళ్ళే ఉంచండి, ముందుది ఒక్కటే బిగించి నొక్కారంటే సైకిలు మిమ్మల్ని ముందుకి విసిరేస్తుంది. దిగేటప్పుడు పిరుదులు సీటు మీంచి లేపండి, సిగ్గుపడకండి, అడవిలో ఎవరూ చూడరు. అందరూ నవ్వారు. ఇంకొక్కటి, అన్నాడు, ఒకరి వెనక ఒకరు పోతాం కదా, ముందు పోయేవాళ్ళకి రాయి కనిపిస్తే రాయి అని అరవాలి, వేరు కనిపిస్తే వేరు అని అరవాలి, విన్నవాళ్ళు విన్న మాటని వెనకవాళ్ళకి అందించాలి, ఆఖరి మనిషిదాకా చేరాలి, ఇవాళ మీరు నేర్చుకునేదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకండి. తర్వాత ఎవరెందుకొచ్చారో చెప్పుకోమన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరొకాయన, నలభై ఏళ్ళు పెద్ద చక్రం తిప్పాను, చిన్నది కూడా తిప్పి చూద్దామని వచ్చాను అన్నాడు. ఇద్దరు అమ్మాయిలు పరీక్షలైపోయాయని వచ్చారు. చిన్నకోడలు తన వంతు రాగానే పెద్దకోడలి భుజం చుట్టూ చెయ్యి వేసి, "మా అక్క కోసం వచ్చాను. ఏడాదిగా ఇల్లు, హాస్పిటలు తప్ప ఎక్కడికీ కదలడం లేదు, చాలా పడింది పాపం, కాస్త గాలి మారుతుందని," అంది. ఏడు ముఖాలు ఒక్కసారి తనవైపు తిరిగి మెత్తబడ్డాయి. డ్రైవరుగారు తల కూడా ఊపాడు. తల కొట్టేసినట్టయింది. కాని ఆ మాట కూడా సైకిలెక్కాక మర్చిపోయింది, పెడల్ మీద నిలబడగానే పదేళ్ళ పిల్ల కాళ్ళు తిరిగొచ్చాయి, మట్టిదారి మెత్తగా కింద జారిపోతుంటే, కొమ్మలు చేతులకి తగిలి తగలకుండా పోతుంటే, తనకి నలభై ఆరేళ్ళని, తన ఇంట్లో రెండు దిళ్ళ మంచం మీద ఒకే దిండు ఉందని, ఆ రెండూ వేరే ఎవరి సంగతులో అయిపోయాయి.

ఆ దిండు. కిందటేడు ఒక మంగళవారం పొద్దున ఆయన గడ్డం గీసుకునే మిషనూ దిండూ పట్టుకుని వెళ్ళిపోయాడు. అది లేకపోతే మెడ పడుతుందట. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన వదులుకోలేనిది దిండు ఒక్కటే. ఈత నేర్పే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు, వెడల్పాటి భుజాలు, ఎప్పుడూ తడిగా ఉండే జుట్టు, బజారు అవతలి వైపుకి వినపడేలా నవ్వే మనిషి.

ఇవన్నీ అంతగా గుచ్చుకునేవి కావు, కారులో ఆ మాట విని ఉండకపోతే. పొద్దున ఏడున్నరకి, ఊరు దాటాక, రోడ్డు ఖాళీ అయ్యాక, చిన్నకోడలు పాటలు ఆపేసి, స్టీరింగు మీదే చూపు పెట్టి, "వేరేవాళ్ళ నోట వినకూడదని చెప్తున్నానక్కా. విడాకులు అయిపోయాయి కదా, బావగారు వచ్చే నెల పెళ్ళి చేసుకుంటున్నారు, ఆవిణ్ణి. రిజిస్టరు ఆఫీసులో, చిన్నగా. సాక్షి సంతకం మీ మరిదిని పెట్టమన్నారు," అంది. మరిది అంటే దీని మొగుడే, తన చేతి అన్నం తిని ఉద్యోగం తెచ్చుకున్న పిల్లాడు. "నాకేం, పెట్టమను," అంది పెద్దకోడలు కిటికీ బయటికి చూస్తూ. హమ్మయ్య అన్నట్టు చిన్నకోడలు ఊపిరి వదిలింది, అది వినపడింది, ఆపేసిన పాట ఆపిన చోటినుంచే మళ్ళీ మొదలైంది. అప్పుడర్థమైంది, ఈ అడవీ, ఈ సైకిళ్ళూ, కొత్తవాళ్ళకి తేలికైన దారీ, ఇదంతా సూది గుచ్చేముందు దూదితో రాయడమని. దూది కూడా ఎంత శ్రద్ధగా ఎంచింది.

సరిగ్గా ఆ దూది గుర్తుకొచ్చిన క్షణంలోనే ముందు పోతున్న డ్రైవరుగారు అరిచాడు. "వేరు! పెద్దది! ఎడమకి తీసుకోండి!" దారి కిందికి వాలుతోంది, మలుపు తిరగగానే మోచెయ్యంత లావు వేరు అడ్డంగా నేల మీదికి లేచి ఉంది. పెద్దకోడలు ఎడమకి తీసుకుంది, చక్రం వేరు చివరన ఉన్న మట్టి మీదుగా దొర్లి దాటిపోయింది. అరవడానికి గుండెలనిండా గాలి పీల్చుకుంది, అది బాగా గుర్తుంది. వెనక చిన్నకోడలు కూనిరాగం తీస్తోంది, కారులోని అదే పాట. గాలి లోపలే ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు. వెనక ఇనుము మోగింది, కొమ్మలు విరిగాయి, పాట ఆగింది. కావాలని చేసిందా? నోరు రాలేదు, అంతే కదా, భయపడ్డప్పుడు ఎవరికైనా నోరు పెగలదు. కాని తను భయపడలేదు. ఎంత వెతికినా ఆ మూడు లెక్కల్లో భయం దొరకడం లేదు.

"నేనే చూసుకోలేదు," అంటోంది చిన్నకోడలు, ఆమె ఆలోచన విన్నట్టుగా. "పాట పాడుకుంటూ, గాడిదని. నువ్వు అరిచే ఉంటావు, నాకే వినపడలేదు."

"అరిచాను."

"సారీ అక్కా. నీ రోజంతా పాడుచేశాను."

పాడవలేదు, అనుకుంది పెద్దకోడలు. ఇరవై ఆరో నిమిషం. చీమ ఒకటి చిన్నకోడలి మణికట్టు మీదికెక్కి దారి తప్పినట్టు తిరుగుతోంది, దులపడానికి కూడా చెయ్యి కదపడం లేదు, కదపకూడదని చెప్పారు కదా. ఎంత విధేయంగా పడుకుందో. పద్నాలుగేళ్ళ కింద ఇంట్లోకి వచ్చినప్పుడు కూడా ఇలాగే, అక్కా ఇది ఎక్కడ పెట్టాలి, అక్కా ఇందులో ఉప్పెంత, అని వెనకే తిరిగేది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఇద్దరికీ పేర్లుండేవి కావు, పెద్దకోడలా, చిన్నకోడలా, అంతే. అందరికీ చిన్నదే ముద్దు, బడిలో డ్రాయింగు టీచరు, బల్లల మీదా, పెరుగు డబ్బాల మీదా పువ్వులు వేసేది. తనకీ ముద్దే. అది కూడా నిజం. దీని పురిటికి మూడు రాత్రులు మంచం పక్కన కూర్చుంది తను, పాపని మొదట ఎత్తుకుంది తను, ఆ పాప ఇప్పటికీ స్కూలు నుంచి పెద్దమ్మ ఇంటికే వస్తుంది, చెప్పులు ఒకటి గుమ్మంలో ఒకటి హాల్లో విసిరేసి.

చిన్నకోడలు పాప గురించే ఏడవడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు కణతల మీదుగా చెవుల్లోకి, హెల్మెట్ స్పాంజిలోకి ఇంకిపోతున్నాయి. "నాకు కాళ్ళు పోతే పాపకి జడ ఎవరేస్తారక్కా?" జడ చేతులతో కదే వేసేది, అని నోటిదాకా వచ్చి పెద్దకోడలికి నవ్వాగలేదు, తల పక్కకి తిప్పుకుని దగ్గింది. దగ్గు ఏడుపులా వినపడింది కాబోలు, చిన్నకోడలు మంచి చేత్తో ఆమె వేళ్ళు వెతుక్కుని పట్టుకుంది. ఆ చెయ్యి మంచు ముద్దలా ఉంది. ఇప్పుడు చెప్పేయొచ్చు. ఏమే, కదిలాయే, ఒట్టినే భయపెట్టాను, అంటే తిడుతుంది, గుద్దుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు కూడా. ముప్పై ఒకటో నిమిషం దాకా అది పరాచికమే అవుతుంది. ముప్పై రెండో నిమిషం కూడా వెళ్ళిపోయింది.

"ఒకటి చెప్పాలక్కా. ఇది దానికి శిక్షే," అంది చిన్నకోడలు. "నాకు తెలుసు. నీకంటే ముందే తెలుసు."

 ఏమీ అనకపోతే మనుషులు ఎంత చెబుతారో పెద్దకోడలు ఆ ఎక్స్‌రే గదిలో నేర్చుకుంది.

"పాప ఈతకెళ్ళేది కదా, నాకు బడి వదిలేసరికి ఆలస్యమయ్యేది, బావగార్ని నేనే అడిగేదాన్ని దింపమని. మూడేళ్ళ కిందట. ఒకరోజు త్వరగా వెళ్తే, కాఫీ మిషను దగ్గర ఇద్దరూ... ఆవిడ ఆయన కాలరు సరిచేస్తోంది. నేను వెనక్కొచ్చేశాను. నీకు చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎందుకులే, అదే పోతుందిలే అనుకున్నాను. తర్వాత మా ఇంటికే వచ్చేవాళ్ళు, ఆదివారం పొద్దున, నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు. నేనే టిఫిను పెట్టేదాన్ని. నన్ను తిట్టక్కా. ఏదో ఒకటి అను."

మూడేళ్ళు. అంటే ఒక మంగళవారం కాదు, నూట యాభై ఆదివారాలు. ఆ ఆదివారాల్లో తను ఎవరెవరి గుండెలు చూసిందో, ఎవరెవరి చేతులు వంచి పలక మీద పెట్టిందో, సాయంత్రం దారిలో వీళ్ళింటికొస్తే బల్ల తుడిచి ఉండేది, కప్పులు కడిగి బోర్లించి ఉండేవి, ఆమె ఆ కప్పుల్లోనే టీ తాగింది. కావలసింది ఇదేనా? ఇది పిండడానికేనా ఇంతసేపూ దీన్ని పడుకోబెట్టింది? కాదు, ఇది ఉందని కూడా తనకి తెలియదు. ఒట్టి బాధ చూడాలనుకుంది, అంతే, దాని వెనక ఇంత ఉందని ఎవరికి తెలుసు. ఒకచోట విరిగిందని తీసిన ఫోటోలో ఇంకెక్కడో మచ్చ కనిపిస్తుందే, అలా.

"ఏమనుకునేవాళ్ళు నా గురించి?" అంది. గొంతు మామూలుగానే ఉంది.

"ఏమీ లేదక్కా."

"చెప్పు. నువ్వు మాట్లాడుతూ ఉండాలి, స్పృహ తప్పకూడదు."

చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. "బావగారు ఊరికే జోకులేసేవారు. మా ఆవిడ దగ్గర కాపురం ఎక్స్‌రే బల్ల మీద పడుకున్నట్టే, ఊపిరి పీల్చాలన్నా, వదలాలన్నా ఆర్డరు రావాలి, ఏమొచ్చిందో మాత్రం చెప్పదు అని. నీ గొంతు పెట్టి అనేవారు, పీల్చండి, ఆపండి అని. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వానక్కా. నేనే ఎక్కువ నవ్వాను."

చెట్ల పైన గాలి ఆగింది. పెద్దకోడలు తనకి ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు, ఒళ్ళంతా తేలికైనట్టుంది, మొదటిసారి తన గురించి ఎవరో సరిగ్గా చెప్పినట్టు. ఆ మనిషికి ముఖాలు ఆనవనుకుంది. ఎంత బాగా ఆనాయి. తన ముఖంకేసి పంతొమ్మిదేళ్ళు చూశాడన్నమాట, చూసి, చూసింది దాచుకుని, ఇంకో ఇంట్లో బల్ల ముందు కూర్చుని విప్పి చూపించాడు. ఆమె వంగి, చిన్నకోడలి నుదుటి మీద అంటుకున్న వెంట్రుకలు తీసి పక్కకి సర్దింది. హెల్మెట్ పట్టీ కూడా వదులు చేసింది.

"లోపల దెబ్బ తగిలిందేమో చూడాలి," అంది. "గట్టిగా ఊపిరి పీల్చు."

పీల్చింది.

"ఆపు."

ఆపింది. కళ్ళు తెరిచి ఆమె ముఖంలోకే చూస్తోంది, ఎంత నమ్మకంగానో. ఐదు. గదిలో అయితే మూడు చాలు, ముసలివాళ్ళకి రెండు. పది. విరిగిన ఎముక మీద చర్మం సాగి తెల్లబడింది, నొప్పికి కళ్ళ చివర్లు ముడుచుకున్నాయి, అయినా వదలలేదు. పదిహేను. ఇప్పుడు నవ్వండి అందరూ, అనుకుంది పెద్దకోడలు, టిఫిను ప్లేట్లు ముందు పెట్టుకుని. ఇరవై. బుగ్గలు ఎర్రబడ్డాయి, మెడ నరం కొట్టుకుంటోంది, కుడి పాదం తనంతట తానే ఆకుల్ని తన్నుతోంది, పట్టపగలు, కళ్ళెదురుగా, తన్నుతూనే ఉంది. ఇరవై ఆరు. ఆమె వదలమనలేదు. చిన్నకోడలే ఇంక ఓర్చుకోలేక భళ్ళున వదిలేసి, దగ్గి, దగ్గుకి భుజం కదిలి కెవ్వున అరిచింది. ఆ అరుపుకి ఏదో పిట్ట లేచి పోయింది. "సారీ అక్కా, ఆపలేకపోయాను, సారీ," అంటోంది.

జీపు చప్పుడు అనుకున్నదానికంటే ముందే వినపడింది. నలభై ఆరో నిమిషం. గైడూ, గైడు భార్యా, దగ్గరి క్లినిక్కు నుంచి ఒక నర్సూ దిగారు, నర్సు బొద్దుగా, గట్టిగా ఉంది, మోకాళ్ళ మీద కూలబడి పని మొదలుపెట్టింది. "కాళ్ళు కదపమ్మా. భేష్. ఇంకొకటి. వేళ్ళతో నా చెయ్యి నొక్కు. ఇక్కడ నొప్పా? ఇక్కడ? ఓస్, దీనికేనా? లేచి కూర్చో, కాలర్ బోన్ ఒక్కటే. నడుచుకుంటూ జీపెక్కొచ్చు."

"కదిలాయా?" అంది చిన్నకోడలు.

"కదలకేం? తన్నితే నా పళ్ళు రాలేలా ఉన్నాయి." నర్సు నవ్వి పెద్దకోడలి వైపు తిరిగింది. "మీరు ఎక్స్‌రేలో చేస్తారటగా. చెప్పలేదా ఆవిడకి? పాపం, బిక్కచచ్చిపోయింది."

"జాగ్రత్త కోసం," అంది పెద్దకోడలు.

"మంచి పనే చేశారు లెండి, కదలనివ్వకుండా." గైడు రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పాడు, మీలాంటివాళ్ళు గుంపులో ఒకరుంటే చాలు మేడం అన్నాడు. అదంతా ఆమెకి దూరంగా, తలుపు అవతల మాటల్లా వినపడుతోంది. చిన్నకోడలు లేచి కూర్చుంది. తన బూట్లకేసి చూసుకుంది, కుడిది కదిపింది, ఎడమది కదిపింది, పిల్లలు కొత్త బూట్లు చూసుకున్నట్టు. తర్వాత తల ఎత్తి పెద్దకోడలి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ ఏమీ చెప్పని ముఖం అది, దాన్ని అలాగే నిలబెట్టడానికి పెద్దకోడలు తన శక్తంతా పెట్టింది, కాని చిన్నకోడలికి అక్కడ కావలసింది దొరికిందని, మొత్తం చదివేసిందని, ఆ కళ్ళు మెల్లగా ఆరిపోవడంలో తెలిసిపోయింది. అరుస్తుందనుకుంది, నలుగురిలో అడుగుతుందనుకుంది. అడిగితే బాగుండుననుకుంది. చిన్నకోడలు గైడు భార్య చెయ్యి ఆసరాగా లేచి, కుడి చేతిని నర్సు కట్టిన జోలెలో పొదువుకుని, పంటి బిగువున నాలుగడుగులు నడిచి జీపెక్కింది. పెద్దకోడలు వెనకే వెళ్ళి పక్కన ఎక్కబోయింది.

"వద్దండి," అంది చిన్నకోడలు. "సిస్టరుగారున్నారు. కారు తాళాలు నా సంచిలో ఉన్నాయి, మీరు తీసుకెళ్ళండి. పాప సాయంత్రం మీ దగ్గరికొస్తుంది కదా, మీరేమీ చెప్పకండి, వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్తారు."

గైడుకి గాని, వాళ్ళావిడకి గాని ఆ మాటల్లో వింతేమీ తోచలేదు, సైకిళ్ళు జీపు మీదికెత్తి తాళ్ళు బిగిస్తున్నారు. మీరు అని ఎంత శుభ్రంగా అందో, నొక్కి కూడా పలకలేదు. తలుపు పడింది. చిన్నకోడలి సంచి పొద పక్కనే పడి ఉంది, పెద్దకోడలు అందులో చెయ్యి పెట్టి తాళాల కోసం వెతకసాగింది, అవి వేళ్ళకి తగులుతూనే ఉన్నాయి గాని చేతికి రావడం లేదు.